నాలుగు నెలలకి ఒక బాస్ చేప చిక్కింది, ఒడ్డు దాకా రాకుండానే జారిపోయింది. ఇంకేం కొనాలి?

కోనసీమ_ఫ్రిస్కో
ఫిబ్రవరి 24, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇది నా మొదటి పోస్టు, కాస్త పొడుగైనా చదవండి.

మాది అమలాపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు వెదురు కర్రకి నైలాన్ దారం కట్టి, జీలుగు బెండు పెట్టి, వానపాము ఎరతో పంట కాలువలో జెల్లలు, పరిగెలు పట్టినవాణ్ణి. గాలం పట్టుకోవడం మా తాతయ్యే నేర్పారు. డాలస్ వచ్చి ఆరేళ్లయింది. పోయిన అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి బాస్ కోసం.

నా దగ్గర ఉన్నవి: 7 అడుగుల మీడియం హెవీ రాడ్, లైన్ చుట్టుకునే బెయిట్‌కాస్టర్ రీల్, 17 పౌండ్ల లాగుడు తట్టుకునే ఫ్లోరోకార్బన్ లైన్ (ఒక రకం ప్లాస్టిక్ దారం). పెట్టెలో అన్నీ నకిలీ ఎరలే: చేప ఆకారం క్రాంక్‌బెయిట్లు తొమ్మిది, తిరిగే రేకులున్న స్పిన్నర్‌బెయిట్లు నాలుగు, రెండు ప్లాస్టిక్ కప్పలు, రబ్బరు పురుగులు ఆరేడు ప్యాకెట్లు. 400 డాలర్లు దాటింది. వారాంతం వస్తే లూయిస్‌విల్ లేక్ ఒడ్డునే ఉంటున్నాను. ఇప్పటిదాకా పడింది అరచెయ్యంత సన్‌ఫిష్‌లు రెండు.

నిన్న పొద్దున మాత్రం ఒకటి కొట్టింది. రాడ్ సగానికి వంగింది. నీళ్లమీదకి లేచి, నోరు తెరిచి తల అటూ ఇటూ విదిలించింది. నోట్లో పురుగు వేలాడుతుండటం కూడా చూశాను. అంతే, లైన్ వదులైపోయింది. చుట్టి చూస్తే హుక్కూ లేదు, పురుగూ లేదు. లైన్ కొన తెగినట్టు లేదు, పంది తోకలా రెండు మెలికలు తిరిగి ఉంది. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

20 పౌండ్ల లైన్‌కి మారాలా? రాడ్ మార్చాలా? ఏం కొనాలో చెప్పండి.

ఫోర్క్_మోడులు
ఫిబ్రవరి 24, రాత్రి 10:25

తమ్ముడూ, ఏమీ కొనకు. నీ పోస్టులో అసలు సంగతి ఆ పంది తోకే.

లైన్ తెగితే కొన తిన్నగా ఉంటుంది. రాయికో మోడుకో రాసుకుని తెగితే గరుగ్గా, తెల్లగా ఉంటుంది. మెలికలు తిరిగి ఉందంటే ముడి జారింది. బాస్‌కి కోసే పళ్లుండవు, పెదాలు గరుకు కాగితంలా ఉంటాయి అంతే. 17 పౌండ్ల లైన్‌ని అది తెంపలేదు. 20 పౌండ్లది కొన్నా అదే ముడి వేస్తే మళ్లీ జారుతుంది.

నువ్వు వేసింది క్లించ్ ముడి (కొనని లైన్ చుట్టూ తిప్పి వేసేది) అయి ఉంటుంది. ఫ్లోరోకార్బన్ బిరుసుగా, నున్నగా ఉంటుంది. నైలాన్ మీద ఆగే ముడి దీనిమీద ఆగదు. పైగా పొడిగా బిగిస్తే ఆ రాపిడి వేడికే లైన్ దెబ్బతింటుంది. పాలోమర్ ముడి నేర్చుకో. లైన్‌ని రెండు మడతలు చేసి ఆ మడతని హుక్ కన్నంలోంచి దూర్చు. మడతతోనే మామూలు ముడి ఒకటి వదులుగా వెయ్యి. మిగిలిన ఉచ్చులోంచి హుక్‌ని మొత్తం దాటించు. ఉమ్మితో బాగా తడిపి, రెండు కొనలూ కలిపి మెల్లగా లాగు. అడ్డదిడ్డంగా ఒకదానిమీద ఒకటి ఎక్కితే కోసేసి మళ్లీ వెయ్యి. బిగించాక హుక్‌ని దేనికైనా తగిలించి గట్టిగా గుంజి చూడు. జారాల్సింది అక్కడే జారిపోవాలి, చేప నోట్లో కాదు.

నేను ఈ పద్ధతికి వచ్చింది ఒక మంచి చేప పోయాకే. ఇక్కడే టెక్సస్‌లోని లేక్ ఫోర్క్‌లో, మార్చిలో, పడవ పక్కదాకా వచ్చి పోయింది. ఎంత బరువో చెప్పను, తూచలేదు కాబట్టి. కానీ ఆ చేప పక్కభాగం ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంది.

లానియర్_గట్టు
ఫిబ్రవరి 25, ఉదయం 7:10

ముడి గురించి ఫోర్క్ గారు చెప్పిందే నిజం. ఒక మాట కలుపుతాను. మొదటి ఏడాది బెయిట్‌కాస్టర్ పక్కన పెట్టి, విసిరేటప్పుడు స్పూల్ (లైన్ చుట్టి ఉండే చక్రం) తిరగని స్పిన్నింగ్ రీల్ పట్టుకోండి. బెయిట్‌కాస్టర్‌లో విసిరిన ఎర గాల్లో నెమ్మదించినా స్పూల్ అదే జోరుతో తిరుగుతూ ఉంటుంది. బొటనవేలితో ఆపకపోతే లైనంతా పక్షి గూడైపోతుంది. అది విప్పుకునేలోపు పొద్దుటి మంచి గంట గడిచిపోతుంది.

మేం అట్లాంటాలో ఉంటాం. లేక్ లానియర్‌లో నీళ్లు తేటగా, లోతుగా ఉంటాయి, స్పాటెడ్ బాస్ అనే రకం ఎక్కువ. నేనూ మా అబ్బాయీ 2500 సైజు స్పిన్నింగ్ రీల్, 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), దాని చివర లీడర్‌గా 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ ముక్క వాడతాం. బ్రెయిడ్ సాగదు కాబట్టి లోతులో చిన్నగా తాకినా వేలికి తెలుస్తుంది. ఫ్లోరో నీళ్లలో తొందరగా కనిపించదు.

ఇంకొకటి, ముఖ్యంగా పిల్లలతో వెళ్లేవాళ్లకి. ఆ క్రాంక్‌బెయిట్లకి మూడు కొంకుల హుక్స్ రెండేసి ఉంటాయి. మా అబ్బాయికి తొమ్మిదేళ్లప్పుడు చేపని విడిపిస్తుంటే అది తన్నుకుంది. ఒక హుక్ చేప నోట్లో, రెండోది వాడి బొటనవేల్లో. చేప కొట్టుకున్నప్పుడల్లా వాడి వేలు లాగుతోంది. చేపని కదలకుండా నేలకి అదిమిపట్టి, కటింగ్ ప్లయర్‌తో హుక్ కాడ కోసి, ముందు వాణ్ణి విడిపించాను. వేల్లోది డాక్టరు తీశారు. అప్పటినుంచి నా పెట్టెలో కటింగ్ ప్లయర్ లేకుండా ఒడ్డుకి వెళ్లను. హుక్ మొన వెనక ఉండే ముల్లు కూడా ముందే నొక్కేస్తాను. చేపలు కొన్ని పోతాయి, పోనివ్వండి.

కోనసీమ_ఫ్రిస్కో
ఫిబ్రవరి 25, మధ్యాహ్నం 12:50

ధన్యవాదాలు అన్నా, ధన్యవాదాలు అక్కా. క్లించ్ ముడే వేశాను, పొడిగానే బిగించాను. లంచ్ టైంలో కారులో కూర్చుని పాలోమర్ పదిసార్లు వేశాను, ఏడోసారికి కుదిరింది. మరి ఈ పెట్టెలోంచి ఏది వాడమంటారు? అన్నీ మార్చి మార్చి చూస్తున్నాను.

ఫోర్క్_మోడులు
ఫిబ్రవరి 25, సాయంత్రం 6:15

> అన్నీ మార్చి మార్చి చూస్తున్నాను

అది మానెయ్. నెల రోజులు ఒక్క టెక్సస్ రిగ్‌తోనే, అంటే గుండూ, హుక్కూ, మొన దాచిన రబ్బరు పురుగూ, వీటితోనే ఉండు. బుల్లెట్ ఆకారం గుండు, 3/16 ఔన్స్. సీసం కంటే టంగ్‌స్టన్ చిన్నగా ఉంటుంది, అడుగున రాయా మట్టా అన్నది చేతికి బాగా తెలుస్తుంది, కానీ ఖరీదు. ముందు సీసంతోనే మొదలుపెట్టు. 3/0 సైజు ఆఫ్‌సెట్ హుక్, మెడ దగ్గర వంపు ఉండేది. రబ్బరు పురుగు తలలోకి హుక్ మొన పావు అంగుళం దించి పక్కకి తీసి, హుక్‌ని తిప్పి, ఒంట్లోకి మళ్లీ గుచ్చి మొన దాచెయ్యి. పురుగు హుక్ మీద తిన్నగా వేలాడాలి. వంకరగా ఉంటే నీళ్లలో గిరగిరా తిరిగి లైన్ మెలి పడుతుంది, చేప కూడా నమ్మదు. మొన దాగి ఉంటుంది కాబట్టి నాచులో, మోడుల్లో, జమ్ములో ఎక్కడ వేసినా చిక్కుకోదు. బాస్ ఉండేదీ అక్కడే. ఖాళీ నీళ్లలోకి ఎంత దూరం విసిరినా లాభం లేదు. ఒడ్డు నుంచి పదడుగుల దూరంలో ఉన్న ఒక్క దుంగ చాలు.

విసిరాక లైన్‌నే చూడు. సగం దెబ్బలు ఎర కిందికి దిగేటప్పుడే తగులుతాయి. బాస్ కొరకదు, నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి పీల్చుకుంటుంది. చేతికి ‘టక్’మని ఒక్కటే తెలుస్తుంది, ఒక్కోసారి అదీ తెలీదు, లైన్ పక్కకి జరుగుతుంది అంతే. వదులు లైన్ చుట్టుకుని, అప్పుడు గట్టిగా ఎత్తు.

ఇంకో సంగతి. ఇన్నాళ్లూ పడకపోవడంలో నీ తప్పు సగమే. ఇప్పుడు లూయిస్‌విల్ నీళ్లు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటాయి. చేపది చల్లని రక్తం, ఈ నీళ్లలో దాని ఒళ్లే మెల్లగా కదులుతుంది, నీ క్రాంక్‌బెయిట్ వెంట పరిగెత్తదు. 60కి చేరేసరికి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. అప్పుడు ఒడ్డున నిలబడ్డవాడికీ పడవలో ఉన్నవాడికీ పెద్ద తేడా ఉండదు. ఇంకో రెండు మూడు వారాలు ఆగు.

మానేరు_రిచర్డ్‌సన్
ఫిబ్రవరి 25, రాత్రి 9:05

అన్నా, నాదొక డౌట్. మాది కరీంనగర్. మృగశిర నాడు చేప తినకుంటే మా నాయనమ్మ ఊరుకోదు, ఇక్కడున్నా ఫోన్ చేసి అడుగుతది. మీరంతా పట్టి వదిలేస్తరు. తినకపోతే దాని నోట్లో గాలం ఎందుకు గుచ్చాలె? ఇది నేను మనసులో ఉన్నది అడుగుతున్న, ఎవర్నీ తప్పుపట్టడానికి కాదు.

లానియర్_గట్టు
ఫిబ్రవరి 25, రాత్రి 10:40

మంచి ప్రశ్న అడిగారు. మా అత్తగారు కూడా ఇదే అడిగారు, ఆవిడకి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. చేపకి బాధ ఉండదని నేను అనను. అందుకే ముల్లు నొక్కిన హుక్ వాడతాను, నీళ్లలోంచి తీస్తే ఊపిరి బిగబట్టి, నాకు ఊపిరి అవసరమయ్యేలోపు దాన్ని వదిలేస్తాను. చేతులు తడుపుకోకుండా ముట్టుకోను. దాని ఒంటిమీది జిగురు పొర పోతే జబ్బులొస్తాయి. పెద్ద చేపని ఒక్క దవడ పట్టుకుని పక్కకి వంచి ఫొటో తీయకూడదు, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టాలి. ఇవన్నీ చేసినా మీ ప్రశ్న మిగిలే ఉంటుందని నాకు తెలుసు.

ఫోర్క్_మోడులు
ఫిబ్రవరి 26, ఉదయం 6:30

రిచర్డ్‌సన్ తమ్ముడూ, తినడం తప్పని ఇక్కడ ఎవరూ అనరు. టెక్సస్‌లో చాలాచోట్ల 14 అంగుళాలు దాటిన లార్జ్‌మౌత్ రకం బాస్ రోజుకి అయిదు ఉంచుకోవచ్చు. కానీ ప్రతి లేక్‌కీ విడిగా రూలు ఉండొచ్చు, వెళ్లేముందు చూసుకోవాలి. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్యవి తప్పనిసరిగా వదలాలి. 24 దాటింది రోజుకి ఒక్కటే ఉంచుకోవచ్చు.

ఆ రూలు ఎందుకో ఒక్క చేప కథ చాలు. 1986 నవంబరులో మార్క్ స్టీవెన్‌సన్ అనే గైడ్ ఫోర్క్‌లో 17.67 పౌండ్ల బాస్ పట్టాడు. చంపకుండా ప్రాణంతో రాష్ట్రంవాళ్లకి అప్పగించాడు. దానికి ఎథెల్ అని పేరు పెట్టారు, మిస్సోరిలో ఒక పెద్ద అక్వేరియంలో 1994 దాకా బతికింది. దాన్ని చూడ్డానికి జనం వచ్చేవాళ్లు. రాష్ట్రంవాళ్ల షేర్‌లంకర్ కార్యక్రమం ఆ చేపతోనే మొదలైంది. ఇప్పటికీ జనవరి నుంచి మార్చి చివరిదాకా 13 పౌండ్లు దాటిన బాస్ పడితే ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్తారు. టెక్సస్‌లోనే ఏథెన్స్ అనే ఊళ్లోని హేచరీలో (చేపపిల్లల కేంద్రంలో) గుడ్లు పెట్టించి, ఆ పిల్లల్ని లేక్స్‌లో వదులుతారు. రాష్ట్ర రికార్డు 18.18 పౌండ్లు కూడా ఫోర్క్‌దే, 1992 జనవరిది. పట్టినాయన ఆ రోజు బాస్ కోసం వెళ్లలేదు, క్రాపీ అనే వేరే చేప కోసం చిన్న చేప ఎర వేశాడు. పెద్దవి పెరిగేదాకా ఎవరో ఒకరు వదిలారు కాబట్టే అవి ఉన్నాయి.

పులుసుకి మాత్రం బాస్ కంటే మంచివి ఉన్నాయి. క్యాట్‌ఫిష్ పట్టు, మన చింతపండు పులుసుకి సరిగ్గా సరిపోతుంది. వేపుడుకి క్రాపీ, సాండ్ బాస్. సాండ్ బాస్ అంటే వైట్ బాస్, వసంతంలో గుంపులుగా ఏట్లోకి ఎక్కుతుంది. 10 అంగుళాలు దాటినవి రోజుకి 25 దాకా ఉంచుకోవచ్చు. తూర్పున కాడో లేక్‌లో మాత్రం బాస్ తినే ముందు పాదరసం హెచ్చరిక చదువుకో.

మానేరు_రిచర్డ్‌సన్
ఫిబ్రవరి 26, రాత్రి 8:20

మంచిగ చెప్పినవ్ అన్నా. అట్లయితే క్యాట్‌ఫిష్‌తోనే మొదలుపెడ్త. లైసెన్స్ సంగతి కూడా చెప్పున్రి, వచ్చి నాలుగు నెలలే అయింది.

కోనసీమ_ఫ్రిస్కో
ఫిబ్రవరి 26, రాత్రి 9:00

ఇది నాకు తెలుసు, నేను చెప్తాను. టెక్సస్‌లో ఆరు నెలలు వరసగా ఉంటేనే రెసిడెంట్ రేటు. మంచినీటి చేపలకి రెసిడెంట్ లైసెన్స్ 30 డాలర్లు. నువ్వు ఇంకో రెండు నెలలు ఆగితే తక్కువలో పోతుంది. ఈలోపు స్టేట్ పార్కుకి వెళ్లు. పార్కు లోపల ఒడ్డు మీంచి గాని, పియర్ (నీళ్లలోకి కట్టిన వంతెన) మీంచి గాని పడితే లైసెన్స్ అక్కర్లేదు, ఎంట్రీ ఫీజు చాలు. మనకి దగ్గరలో రే రాబర్ట్స్ ఉంది. జూన్ మొదటి శనివారం అయితే రాష్ట్రమంతా ఎవరికీ లైసెన్స్ అక్కర్లేదు. మీ నాయనమ్మ గారి మృగశిర కూడా దాదాపు ఆ రోజుల్లోనే!

కైకలూరు_కప్ప
ఫిబ్రవరి 27, ఉదయం 5:50

నమస్తే అండి. నేను ఇండియా నుంచి. బాస్ ఎప్పుడూ చూడలేదు గాని మీ సామాను మా దగ్గరకి వచ్చేసింది. మూడేళ్లుగా ప్లాస్టిక్ కప్పతో కొర్రమీను పడుతున్నాను. కొల్లేరు లోపల కాదండి, అది అభయారణ్యం. మా వైపు పంట కాలువల్లో, మడుగుల్లో.

కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది కదండీ. గుడగుడమని బుడగలు లేచిన చోటికి అవతలగా విసిరి, తూటికాడ మీదుగా కప్పని గెంతించుకుంటూ తేవాలి. కొట్టిందంటే నీళ్లు గుండిగలో పోసినట్టు శబ్దం వస్తుంది. నేను మొదట్లో ఆ శబ్దానికే లాగేసేవాణ్ణి, కప్ప గాల్లోకి లేచి నా మొహం మీదకి వచ్చేది, చేప రాదు. ఇప్పుడు ఒకటి, రెండు అని లెక్కపెట్టి, బరువు తెలిశాక లాగుతున్నాను. బ్రెయిడ్ 50 పౌండ్లది. దీనికి పళ్లు పదునండి, కప్ప నాలుగు చేపలకే చిరిగిపోతుంది.

మా అన్నయ్య మేలో డాలస్ నుంచి వస్తున్నాడు. ఏం తెప్పించుకోమంటారు?

లానియర్_గట్టు
ఫిబ్రవరి 27, ఉదయం 8:15

కప్పతో బాస్ పట్టేటప్పుడు మాదీ అదే లెక్క తమ్ముడూ, బరువు తెలిసేదాకా ఆగాలి. ఆ ఆగడమే కష్టం.

అన్నయ్యతో రాడ్ తెప్పించుకుంటే మూడు నాలుగు ముక్కలుగా విడిపోయేది చెప్పు. ఒకే ముక్క రాడ్ సూట్‌కేసులో పట్టదు. హుక్కులున్న కప్పలు చెక్-ఇన్ సామానులో పెట్టమను. చిరిగినవి పారెయ్యకు. లోపల నీళ్లు నిండకుండా చిరుగు దగ్గర జిగురు వేస్తే ఇంకో రెండు చేపలకి వస్తుంది.

ఒకటి అడుగుతాను. పిల్లలతో ఉన్న కొర్రమీనుని మీరు పడతారా?

కైకలూరు_కప్ప
ఫిబ్రవరి 27, సాయంత్రం 7:30

పట్టనండి. ఎర్రగా, కుంకుమ జల్లినట్టు పిల్లల గుంపు పైన కదులుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఎర వేస్తే ఆకలి లేకపోయినా కోపంతో కొడతాయి, చాలా తేలిగ్గా పడతాయి. అవి పోతే గంటలో ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. మా ఊళ్లో కొందరు పడతారు, వాళ్లతో నాకు గొడవలయ్యాయి.

ఫోర్క్_మోడులు
ఫిబ్రవరి 27, రాత్రి 9:45

ఇది చదివి నాకు చాలా సంతోషమైంది. బాస్‌ది కూడా అదే కథ. మగది తోకతో ఊడ్చి గూడు చేసి, గుడ్లకీ, తర్వాత పిల్లలకీ అక్కడే కాపలా కాస్తుంది. తేట నీళ్లలో ఒడ్డు మీంచే కనిపిస్తుంది. దాని ముందు ఏది పడేసినా కొడుతుంది. చట్టం కాదనదు, పోటీల్లోవాళ్లూ పడతారు. నేను మాత్రం గూడు కనిపిస్తే పక్కకి వెళ్లిపోతాను. పట్టేవాళ్లు ఉంటే కనీసం అక్కడికక్కడే, గూడు పక్కనే వదలండి.

కోనసీమ_ఫ్రిస్కో
మార్చి 16, మధ్యాహ్నం 1:20

పడింది!

మీరంతా ఇంత చెప్పారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఈ పొద్దున రే రాబర్ట్స్, మబ్బు, దక్షిణపు గాలి. క్రాంక్‌బెయిట్ల పెట్టె ఇంట్లోనే వదిలేశాను. జేబులో హుక్కులు ఆరు, గుండ్లు ఆరు, పురుగుల ప్యాకెట్ ఒకటి. అక్క చెప్పిన స్పిన్నింగ్ రీల్ ఆఫీసులో ఒకాయన అరువిచ్చాడు. పాలోమర్ వేసి, ఉమ్మితో తడిపి, హుక్‌ని బెంచీ మేకుకి తగిలించి గుంజి చూశాను. ఆగింది.

రెండు గంటలు ఏమీ లేదు. ఒక మూల జమ్ము గడ్డి నీళ్లలోకి వంగి ఉంది, దాని నీడలో ఒక దుంగ. దుంగ అవతల వేసి మెల్లగా మీదికి ఎక్కించాను. అటువైపు దిగుతుంటే లైన్ ఎడమకి జరగడం మొదలుపెట్టింది. చేతికి ఏమీ తెలీలేదు. అన్న చెప్పింది గుర్తొచ్చి, వదులు చుట్టుకుని ఎత్తాను.

మొదటి గుంజుడుకే జమ్ములోకి దూరబోయింది. రెండుసార్లు పైకి లేచింది. రెండోసారి లేచినప్పుడు నా కాళ్లు వణికాయి, మళ్లీ అదే జరుగుతుందేమోనని. ఒడ్డుకి వచ్చాక చెయ్యి తడుపుకుని దవడ పట్టుకున్నాను. బొటనవేలికి ఆ గరుకు ఇప్పటికీ తెలుస్తోంది. వీపు ముదురాకుపచ్చ, పక్కన నల్లటి పట్టీ, పొట్ట బాగా ఉబ్బి ఉంది. గుడ్లతో ఉన్న ఆడది. 3 పౌండ్ల 2 ఔన్సులు. ఒక్క ఫొటో తీసి, మొహం గాలికెదురుగా పెట్టి, నీళ్లలో రెండు చేతుల మధ్య పట్టుకున్నాను. మొప్పలు రెండు మూడుసార్లు ఆడించి, తోకతో నా చొక్కా నిండా నీళ్లు కొట్టి, ఆ దుంగ కిందికే వెళ్లిపోయింది.

ఫొటో తాతయ్యకి పంపాను. ‘ఏ ఎరకి పడిందిరా?’ అని వెంటనే ఫోన్ చేశారు. రబ్బరు పురుగుకి అంటే ఎంతసేపటికీ నమ్మలేదు.

మానేరు_రిచర్డ్‌సన్
మార్చి 16, మధ్యాహ్నం 2:05

మస్తు ఖుషీ అయింది అన్నా! పురుగు రంగేంది? వచ్చే శనివారం నేనూ వస్త.

కోనసీమ_ఫ్రిస్కో
మార్చి 16, మధ్యాహ్నం 2:15

గ్రీన్ పంప్‌కిన్. తోక తెగిపోయింది గాని ప్యాకెట్‌లో ఇంకా నాలుగున్నాయి, రెండు నీకిస్తా. ఆరింటికల్లా పార్కు గేటు దగ్గరుండు. వచ్చేలోపు ముడి నేర్చుకో.